రౌటర్‌తో ఇసుక దిమ్మలో నేరుగా మోల్డు చెక్కొచ్చా?

గుంటూరు ఆటోనగర్‌లో తలుపులు, పూజామందిరాలు చెక్కే సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషిన్) ఉన్న మిత్రుడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ఊరి ఎత్తిపోతల పంపు కేసింగ్ పగిలింది. చేసిన కంపెనీ ఇప్పుడు లేదు, ప్యాటర్న్ (ఇసుకలో అచ్చు తీసే నమూనా) కూడా లేదు. రెండే పీసులు కావాలి, ఒక్కోటి సుమారు 60 కిలోల పోత ఇనుము. ప్యాటర్న్ చేయించకుండా ఇసుక దిమ్మనే రౌటర్ మీద పెట్టి మోల్డు (ఇనుము పోసే ఇసుక అచ్చు), కోరు (లోపలి బోలు కోసం అచ్చులో పెట్టే ఇసుక ముక్క) రెండూ చెక్కేస్తే కుదురుతుందా? బిట్లు ఆగుతాయా? మెషిన్ పాడవుతుందా?

కుదురుతుందండీ. ఒకటి రెండు పీసుల పనులకి ఈ పద్ధతి వాడే ఫౌండ్రీలు ఉన్నాయి. మీ పని వరకు నేను చెప్పేది ఏమిటంటే, మోల్డు ఇసుకలో చెక్కండి, కోరు మాత్రం ఇసుకలో చెక్కొద్దు. దానికి చెక్కతో కోర్‌బాక్స్ చేసి, అందులో ఇసుక కూరి కోరు తీయండి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో చాలాకాలంగా పోతపనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఎందుకో వివరంగా రాస్తున్నాను. మీరు బిట్ గురించి అడిగారు, మెషిన్ గురించి అడిగారు, దిమ్మ గురించి అడగలేదు. అసలు పని అంతా దిమ్మలోనే ఉంది.

పెట్టెల్లో కూరే పచ్చి ఇసుక, అంటే బెంటొనైట్ కలిపి తడిపిన ఇసుక, దీనికి పనికిరాదు. బిట్ తగలగానే పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతుంది. రెజిన్ కలిపి గట్టిపరిచిన దిమ్మ కావాలి. సోడియం సిలికేట్ కలిపి సీఓటూ గ్యాస్ పట్టించిన దిమ్మని కూడా చెక్కొచ్చు గానీ, మందం ఎక్కువైతే గ్యాస్ లోపలిదాకా సమంగా చేరదు, పైన రాయిలా ఉండి నడుమ మెత్తగా ఉంటుంది. పైగా అంచులు పెళుసు. మీకు ఫ్యూరాన్ నోబేక్, అంటే కాల్చకుండానే గట్టిపడే ఫ్యూరాన్ రెజిన్ ఇసుక, సరిపోతుంది. ఇసుక బరువులో 1 శాతం అటూ ఇటూ రెజిన్, ఆ రెజిన్ బరువులో 30 నుంచి 50 శాతం, దాన్ని గట్టిపరిచే యాసిడ్ క్యాటలిస్ట్ వేస్తారు. నువ్వుండలో పాకం నువ్వుల్ని పట్టుకున్నట్టు, రేణువుకీ రేణువుకీ మధ్య ఈ రెజిన్ చిన్న చిన్న వంతెనలు కడుతుంది. బిట్ చేసేదల్లా ఆ వంతెనలు తెంపి రేణువుల్ని ఊడబెరకడమే, రేణువుని కొయ్యడం కాదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే బిట్ తిరిగే వేగం, ఫీడ్ (బిట్ ముందుకి నడిచే వేగం), ఫినిషింగ్ అన్నీ మీకే అర్థమైపోతాయి.

ఇసుక విషయంలో ఒక మాట. కృష్ణ పక్కనే ఉంది కదా అని ఏటి ఇసుక తేవొద్దు. అందులో మట్టి, అభ్రకం, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి. మట్టి రెజిన్‌ని తాగేస్తుంది, ఫెల్డ్‌స్పార్ ఇనుము వేడికి మెత్తబడి పోతకి అంటుకుంటుంది. గూడూరు వైపు నుంచి వచ్చే సిలికా ఇసుక, కడిగి ఆరబెట్టినది, ఏఎఫ్ఎస్ నంబరు (రేణువు సన్నదనపు కొలత) 50-60 మధ్యది తీసుకోండి. తేమ అసలు ఉండకూడదు. ఫ్యూరాన్ గట్టిపడేటప్పుడు తానే నీళ్లు వదులుతుంది. దానికి ఇసుకలో తేమ, వానాకాలపు గాలి తోడైతే పైన గట్టిపడినట్టే కనిపించి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

మన దగ్గర ఎండాకాలం బాధ ఇంకోరకం. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో కుప్పపోసిన ఇసుక చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఆ ఇసుకలో మామూలు మోతాదు క్యాటలిస్ట్ వేస్తే మిక్సర్లోంచి తీసేలోపే బిగుసుకోవడం మొదలవుతుంది. బిగుసుకుంటున్న ఇసుకని కూరితే దిమ్మ తయారవుతుంది గానీ బలం ఉండదు. తెల్లవారుజామున కలపండి, క్యాటలిస్ట్ తగ్గించండి. ఒక పెట్టెకి కావాల్సిన ఇసుకంతా పని సమయం దాటకముందే పడిపోవాలి. సగం పోసి, టీ తాగొచ్చి మిగతాది పోస్తే ఆ రెండు పొరలు అతుక్కోవు. చెక్కేటప్పుడు సరిగ్గా ఆ గీత దగ్గరే పలక లేచిపోతుంది.

కలిపే వరుస తప్పనిసరిగా పాటించండి. ముందు ఇసుకలో క్యాటలిస్ట్ వేసి బాగా కలిపాక రెజిన్ పొయ్యాలి. ఆ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, వేడి పుట్టి పేలినట్టు చిమ్ముతుంది. ఒకటి పోసిన డబ్బాలో రెండోది పట్టడం కూడా వద్దు. ఈ అలవాటు లేకపోతే దిమ్మ మీరు పొయ్యకండి. నోబేక్ చేసే ఫౌండ్రీ వాళ్లకి మీ పెట్టె ఇచ్చి పోయించుకోండి. నన్నడిగితే మొదటిసారి అదే మంచిది.

దిమ్మ పెట్టెలోంచి అరగంటలో ఊడినా, చెక్కడానికి మర్నాటిదాకా ఆగండి. ఎంత గట్టిపడిందో తెలుసుకోవడానికి వాడని మూలలో ఒక మేకు కొసతో గట్టిగా గీసి చూడండి. సన్నటి గీత పడి పొడి పొడిగా రేణువులు రాలితే సిద్ధంగా ఉన్నట్టు. మేకు దిగబడి ముద్దలు లేస్తే ఇంకో రోజు ఆగాల్సిందే. చెక్కేటప్పుడూ ఇదే గుర్తు. రాలే ఇసుక పొడిగా, పంచదారలా జారాలి. ఉండలు ఉండలుగా పడుతుంటే మెషిన్ ఆపేయండి.

దిమ్మని ఒక గట్టి ఇనుప పలక మీదో, కింద చానెల్ బిగించిన మందపాటి ప్లైవుడ్ మీదో పోయించి, ఆ పలకతో సహా మెషిన్ మీదకి ఎక్కించండి. 600 బై 600, 250 మిల్లీమీటర్ల ఎత్తు దిమ్మ సుమారు 140 కిలోలు తూగుతుంది. మీ రౌటర్ బల్ల, గాంట్రీ (బిట్‌ని మోసే అడ్డదూలం) కింద ఖాళీ ముందే చూసుకోండి. ఎత్తడానికి కొక్కేలు పోసేటప్పుడే పెట్టాలి, అవి ఎక్కడ ఉన్నాయో డ్రాయింగులో గుర్తు పెట్టాలి, లేకపోతే బిట్ వెళ్లి వాటినే గుద్దుకుంటుంది. చెక్కని పట్టుకోడానికి మీరు వాడే వాక్యూమ్ బల్లని మాత్రం ఆన్ చెయ్యొద్దు. దిమ్మలో గాలి పారుతుంది కాబట్టి పట్టు ఉండదు సరికదా, పంపులోకి సిలికా దుమ్ము పోయి అది పాడవుతుంది. ఆ బరువుకి నాలుగు వైపులా ఆపు బిళ్లలు బిగిస్తే చాలు.

ఇక బిట్. సిలికా కాఠిన్యం మోస్ కొలతలో 7, గాజు కంటే ఎక్కువ. హైస్పీడ్ స్టీల్ బిట్ చూస్తుండగానే మొద్దుబారిపోతుంది. కార్బైడ్ ఆగుతుంది గానీ, అందులో కార్బైడ్‌ని పట్టి ఉంచే కోబాల్ట్‌ని ఇసుక తినేస్తూ పోతుంది, కాబట్టి బిట్ వ్యాసం తగ్గుతూ ఉంటుంది. పీసీడీ, అంటే వజ్రపు కొస ఉన్న బిట్, చాలా కాలం నిలుస్తుంది. మీరు చెక్క బోర్డులకి ఇప్పటికే వాడుతుంటే తెలిసే ఉంటుంది, ధర ఎక్కువ. రెండు మోల్డులకి పీసీడీ కొనక్కర్లేదు. మంచి కార్బైడ్ బిట్లు తీసుకుని, రఫింగ్‌కి ఒకటి, ఫినిషింగ్‌కి ఒకటి వేరుగా పెట్టుకోండి. ఫినిషింగ్‌కి ముందు ఆ బిట్ వ్యాసాన్ని, పొడవుని మళ్లీ కొలిచి మెషిన్‌కి ఇవ్వండి. కోప్ (మోల్డు పై సగం) పూర్తయ్యాక డ్రాగ్ (కింది సగం) మొదలుపెట్టే ముందు ఇంకోసారి కొలవండి. రెండు సగాలూ కలిసే చోట మెట్టు పడటానికి అరిగిన బిట్ ఒక కారణం.

చెక్కకి అలవాటైన చెయ్యి స్పిండిల్‌ని 18,000, 24,000 దగ్గర పెడుతుంది. ఇసుకకి అది వద్దు. పళ్లు ఎన్నిసార్లు ఇసుకని రాస్తే అంత అరుగుదల. అందుకే స్పిండిల్ నెమ్మదిగా, ఫీడ్ వేగంగా ఉండాలి. 6,000 నుంచి 8,000 చక్కర్లు, నిమిషానికి 3-4 మీటర్ల ఫీడ్‌తో మొదలుపెట్టి దిమ్మని చూసి మార్చుకోండి. ఇసుక పెద్దగా ఎదురుతిరగదు, మీ రౌటర్‌కి బలం సరిపోతుంది. ఫినిషింగ్‌లో బిట్ నడిచే వరుసకీ వరుసకీ మధ్య దూరాన్ని 0.1 మిల్లీమీటర్ల దాకా తగ్గించి గంటలు గంటలు తిప్పొద్దు. ఇసుక రేణువే 0.2, 0.3 మిల్లీమీటర్లు ఉంటే అంతకంటే సన్నటి నునుపు ఎక్కడి నుంచి వస్తుంది? మీ పంపుకి 1 మిల్లీమీటర్ చాలు. అంచుల దగ్గర టూల్ దారి బయటి నుంచి లోపలికి వచ్చేలా పెట్టండి. లోపలి నుంచి బయటికి దూసుకుపోతే అంచు ఊడి వెంట వెళ్లిపోతుంది.

మెషిన్‌కి పెద్ద శత్రువు దుమ్ము. మీ రౌటర్ ర్యాకులు, పట్టాలు చెక్కపొట్టుకి తట్టుకునేవే, సిలికాకి కాదు. పట్టాలకి బెలోస్ కవర్లు వేయండి, ర్యాకుకి గ్రీజు పూసి వదిలేయొద్దు, ఆ గ్రీజుకి ఇసుక అంటితే ఎమరీ పేస్టే. గాలితో చల్లబడే స్పిండిల్ అయితే దాని ఫ్యాన్ దుమ్ముని చుట్టూ చిమ్ముతుంది, నీళ్లతో చల్లబడేదాన్ని వాడండి. బిట్ పక్కనే సక్షన్ గొట్టం పెట్టి, దుమ్ము మీ కలెక్టర్ ఫ్యాన్‌ని తినేయకుండా మధ్యలో సైక్లోన్ డ్రమ్ము పెట్టండి. ఎయిర్ గన్‌తో ఊదడం అసలు వద్దు. మోల్డులోని ఇసుకని వాక్యూమ్‌తో లాగి, మిగిలినది మెత్తని బ్రష్‌తో తీయండి. ఈ పని రెండు పీసులతో ఆగకుండా నెలనెలా చేయాలనుకుంటే మాత్రం పాత మెషిన్ ఒకటి విడిగా కొనుక్కోండి, తలుపులు చెక్కేదాన్ని ఇసుకలో పెట్టకండి.

మెషిన్‌ని మార్చుకోవచ్చు, ఊపిరితిత్తుల్ని మార్చుకోలేం. సిలికా దుమ్ములో ప్రమాదం చేసేది కంటికి కనిపించని సన్నటి భాగం. అది లోపల పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది, తగ్గించే మందు లేదు. ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బుల్లో ఒకటిగా దీన్ని 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లోనే చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే పీల్చే సిలికాని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. తువాలు మొహానికి చుట్టుకుంటే ఏమీ ఆగదు. ఎన్95 కనీసం, రబ్బరు హాఫ్ మాస్కుకి పీ100 ఫిల్టర్ అయితే ఇంకా మంచిది. మెషిన్ దగ్గర నిలబడేవాళ్లకి, తర్వాత షెడ్డు ఊడ్చే మనిషికి కూడా ఇవ్వండి. ఊడ్చే ముందు నేల తడపాలి. ఊడ్చే మనిషిని మర్చిపోవడం మన షెడ్లలో మామూలైపోయింది, చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

డ్రాయింగు దగ్గరికి వస్తే, పగిలిన కేసింగ్‌ని స్కాన్ చేయిస్తారు కదా. అది అరిగిన కేసింగ్ అని గుర్తుంచుకోండి. లోపల నీళ్లు తిన్న మందాన్ని మళ్లీ కలపాలి. గ్రే ఐరన్ (మామూలు పోత ఇనుము) చల్లారేటప్పుడు సుమారు 1 శాతం కుంచించుకుంటుంది, కాబట్టి 400 మిల్లీమీటర్ల కేసింగ్‌కి మోల్డు 404 ఉండాలి. స్కేల్ చేశాకే లేత్ మీద తిప్పాల్సిన ఫ్లేంజీలకి 3 మిల్లీమీటర్లు కలపండి. పైవైపు వచ్చే ముఖానికి ఇంకో 1 మిల్లీమీటర్ ఎక్కువ ఇవ్వండి, మడ్డి తేలేది అక్కడే. ప్యాటర్న్ పైకి లాగే పని లేదు కనుక డ్రాఫ్ట్ (అది సులువుగా ఊడేందుకు గోడలకి ఇచ్చే వాలు) అక్కర్లేదు, ఇది ఈ పద్ధతిలో మంచి లాభం.

మూలల దగ్గర కొత్తవాళ్లు తప్పకుండా పొరబడతారు. మోల్డులో లోపలి మూలకి, కొస గుండ్రంగా ఉండే బాల్‌నోస్ బిట్ వల్ల గుండ్రం దానంతటదే వస్తుంది. కానీ మోల్డులో బయటికి పొడుచుకొచ్చే ఇసుక అంచు, పోతలో లోపలి మూల అవుతుంది. దాన్ని బిట్ కత్తిలా పదునుగా వదిలేస్తుంది. కరిగిన ఇనుము దాని మీదుగా పారితే ఆ ఇసుక కొట్టుకుపోయి ఇంకోచోట తేలుతుంది. చల్లారేటప్పుడు ఆ పదును మూల దగ్గరే పగులు మొదలవుతుంది. ఫ్లేంజీ కేసింగ్‌ని కలిసే చోట్లన్నీ డ్రాయింగులోనే 5, 6 మిల్లీమీటర్ల గుండ్రం ఇవ్వండి. పది మిల్లీమీటర్ల కంటే పలచగా నిలబడే ఇసుక గోడ ఎక్కడుందో వెతకండి, ఉంటే ఆ భాగాన్ని కోరుగా విడదీయండి.

ఇప్పుడు కోరు. మీ పంపు లోపలి నీటిదారి ఆకారమే కోరు. నాలుగు వైపులా కరిగిన ఇనుము చుట్టుముడుతుంది, కాబట్టి దానిలో పుట్టే గ్యాస్ ప్రింటుల (కోరు మోల్డులో ఆనే కొనల) గుండానే బయటికి పోవాలి. లోపల ఇనుప ఊచలు, గాలిదారి కోసం మైనపు తాడో, చిల్లుల గొట్టమో కావాలి. దిమ్మ నుంచి చెక్కితే ఊచలు ఎక్కడ పెట్టాలో పోసే ముందే లెక్కవేయాలి, కాస్త అటూ ఇటూ అయినా బిట్ వాటిని తాకుతుంది. పైగా వాల్యూట్ (నత్తగుల్లలా చుట్టుకునే నీటిదారి) నాలుక దగ్గర కోరు సన్నబడుతుంది, చెక్కుతుంటే అదిరి విరుగుతుంది. అదే కోర్‌బాక్స్ అయితే మీ రౌటర్‌కి చెయ్యి తిరిగిన పని. ఎండీఎఫ్‌లో రెండు సగాలు చెక్కి, లోపల రిలీజ్ పూత పూసి, ఊచలు కావాల్సిన చోట పెట్టుకుంటూ కూరొచ్చు. పెట్టె గోడకి ఆనుకుని కూరిన కోరు పైపొర ఒత్తుగా ఉంటుంది. చెక్కిన ఇసుక ముఖం రేణువులు తెరుచుకుని గరుకుగా ఉంటుంది, ఇనుము వాటి మధ్యకి చొచ్చుకుపోతుంది. నీళ్లు పారే లోపలి ముఖాన్ని తర్వాత ఫెట్లింగ్‌లో (పోతకి అంటిన ఇసుక, అదనపు ఇనుము తీసేసే పనిలో) శుభ్రం చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకి తెలుసు. ఒక కోరు విరిగినా మళ్లీ తీయడానికి బాక్సు ఉంటుంది.

థర్మాకోల్‌తో చేయొచ్చు కదా అని కొందరు అంటారు. మీ రౌటర్ థర్మాకోల్‌ని సులువుగా చెక్కుతుంది, ఇసుకలో పాతి ఇనుము పోస్తే అది కాలిపోయి ఆ చోట్లోకి ఇనుము వస్తుంది. 1958లో అమెరికాలో పేటెంట్ అయిన పద్ధతే, మెషిన్ బెడ్డుల లాంటి మందపాటి వాటికి బాగుంటుంది. కానీ నీటి ఒత్తిడి ఆపాల్సిన పలచటి గోడలో కాలిన నురుగు మసి మడతలుగా మిగిలితే అక్కడే చెమరుస్తుంది. పంపు కేసింగ్‌కి నేను ఒప్పుకోను. రెండు కాక పది కేసింగులు కావాల్సి వస్తే ఇదంతా వదిలేసి మంచి టేకు ప్యాటర్న్ చెక్కండి.

చెక్కిన మోల్డుకి పూత తప్పనిసరి. స్పిరిట్‌లో కలిపే గ్రాఫైట్ లేదా జిర్కాన్ వాష్, మొదటి చెయ్యి పలచగా, రేణువుల మధ్యకి ఇంకేలా. వెలిగించి ఆరనిచ్చి రెండో చెయ్యి వేయండి. మొత్తం 0.2, 0.3 మిల్లీమీటర్లు అవుతుంది. కోర్ ప్రింట్లు కూర్చునే చోట పూత వద్దు, ఖాళీ 0.5 మిల్లీమీటర్లు ఉంచండి. కోప్‌లో గాలి రంధ్రాలు 4 మిల్లీమీటర్ల డ్రిల్‌తో వేసి, మోల్డు ముఖానికి 10 మిల్లీమీటర్ల ముందే ఆపండి. రన్నరు, గేట్లు (కరిగిన ఇనుము లోపలికి పారే దారులు), ఫిల్టర్ కూర్చునే గుంట, రెండు సగాలు కలిసే కోను గుర్తులు అన్నీ అదే సెటప్‌లో చెక్కేయండి. గేటింగ్ లెక్క మీరు వేయొద్దు, పోసే ఫౌండ్రీ వాళ్ల చేత వేయించండి, వాళ్ల లేడిల్ (ఇనుము పోసే పాత్ర), వాళ్ల ఇనుము వాళ్లకే తెలుసు. గ్రేడు, పోత ఇనుముకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 210 ప్రకారం ఎఫ్‌జీ 200 గానీ 260 గానీ అడగండి. ఎవరైనా ఎస్‌జీ ఐరన్‌లో (లోపలి గ్రాఫైట్ గుండ్రంగా ఉండే పోత ఇనుములో) పోయమంటే ముందుగా చెప్పాలి. ఫ్యూరాన్ క్యాటలిస్ట్‌లోని గంధకం ఎస్‌జీ పైపొరలో గ్రాఫైట్ గుండ్రాన్ని చెడగొడుతుంది, వేరే బైండర్ వాడాలి.

పోసేటప్పుడు దిమ్మ పైకి లేచే బలాన్ని తక్కువ అంచనా వేయొద్దు. మీ కేసింగ్ 400 బై 400 అనుకోండి, పోసే కప్పులో ఇనుము మట్టం దానికి 200 మిల్లీమీటర్లు పైన ఉంటుంది. కరిగిన ఇనుము లీటరుకి 7 కిలోలు. 4 బై 4 బై 2 డెసీమీటర్లు, అంటే 32 లీటర్లు, 224 కిలోల తోపు. కోరు 10 లీటర్లదైతే, దాని సొంత బరువు 16 కిలోలు పోను, తేలడానికి ఇంకో 54 కిలోలు. మొత్తం 280 దాకా. పై దిమ్మ బరువు నూరు, నూటపది కిలోలు మాత్రమే. ఒకటిన్నర రెట్లు లెక్కన 420 కిలోలు కిందికి ఒత్తాలి. పెట్టె లేని దిమ్మలు పక్కకి కూడా పగులుతాయి. రెండు దిమ్మల్నీ ఇనుప పెట్టెలో దించి, చుట్టూ ఇసుక కూరి, క్లాంపులు బిగించాకే పోయించండి. మోల్డుని మూసే ముందు గ్యాస్ టార్చ్‌తో వెచ్చబెట్టండి, వానాకాలమైతే మూసిన రోజే పోయాలి.

రెండు పీసులూ ఒకే రోజు పోయించొద్దు. ఒకటి పోసి, మర్నాడు విప్పి, ఫెట్లింగ్ చేసి, ఫ్లేంజీలు తిప్పి, పంపు పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల నీటి ఒత్తిడి పట్టించండి. ఎక్కడైనా చెమరిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, ఫౌండ్రీ మనిషిని పిలిచి చూపించండి. ప్యాటర్న్ అయితే కోసి అతకాలి. మీకు ఫైల్లో రైజర్ (చల్లారే పోతకి ఇనుము అందించే నిల్వ గుంట) జరిపితే చాలు, రెండో దిమ్మ అప్పుడు చెక్కండి.